వాగు అవతలి ట్రాన్స్‌ఫార్మర్

మే నెల మొదట్లో మా డివిజనల్ ఇంజనీరు, డి.ఇ. గారు, ఫోన్ చేసి, వాగు అవతల ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌ను వెనక్కి తెప్పించమన్నారు. తెప్పించనని చెప్పాను. నాకు సరిగా వినపడలేదనుకున్నారేమో, మళ్లీ చెప్పారు. నేనూ మళ్లీ చెప్పాను.

నేను కరెంటు డిపార్టుమెంటులో స్టోర్‌కీపర్‌ని. పినపాక దాటి అడవిలోకి పోయే దారిలో మాకొక చిన్న స్టోరు ఉంది. రేకుల షెడ్డు, ముందు కంకర పరిచిన జాగా, చుట్టూ ముళ్లకంచె. సిమెంటు స్తంభాలు, తీగ చుట్టలు, పింగాణీ ఇన్సులేటర్లు, ఆయిల్ డ్రమ్ములు ఉంటాయి. కాలిపోయి రిపేరుకు పోవాల్సిన ట్రాన్స్‌ఫార్మర్లు ఒక వరుసలో, రిపేరయి వచ్చినవి ఇంకో వరుసలో పెడతాం. ఏది లోపలికి రావాలన్నా, బయటికి పోవాలన్నా నా సంతకం ఉండాలి. ఉద్యోగంలో ఎక్కువ భాగం ఈ పనే చేశాను. బయటివాళ్లకు ఇదొక పనిగా కనిపించదు. స్తంభం ఎక్కేవాడు కనిపిస్తాడు. అతను ఎక్కేసరికి చేతికందాల్సిన వస్తువు అక్కడ ఉండటం వెనక ఒక మనిషి ఉన్నాడని ఎవరికీ తట్టదు. తట్టాలని నేను కోరుకోలేదు కూడా.

ఈమధ్య స్టోర్లకు కొత్త కంప్యూటర్ పద్ధతి వచ్చింది. ఏ వస్తువైనా ఏడాదికి మించి చోటు మారకపోతే దాని వరుస తెర మీద ఎర్రగా మారుతుంది. నాన్-మూవింగ్ అంటారు. డబ్బు పోసి కొన్న సరుకు ఊరికే పడి ఉంటే నష్టమన్నది సిద్ధాంతం. సిద్ధాంతం తప్పని నేననను. నా షెడ్డులోనే ఎవరికీ అక్కర్లేని పాతకాలపు మీటర్లు తుప్పుపట్టి పడున్నాయి. తీసుకుపొమ్మని నేనే చాలాసార్లు రాశాను. వాటి కోసం ఎవరూ రాలేదు. వాగు అవతల ఉన్న ఒక్కదాని కోసం ఫోన్ వచ్చింది.

వాగు గురించి చెప్పాలి. ఎండాకాలంలో అందులో ఇసుక తప్ప ఏమీ ఉండదు. లారీలు, ఆటోలు, మేకలు అన్నీ దాని మీదుగానే నడుస్తాయి. వానాకాలంలో గోదావరికి వరద వస్తే ఆ నీళ్లు వాగులోకి ఎగదన్నుతాయి. పైనుంచి అడవి నీళ్లు, కిందినుంచి గోదావరి నీళ్లు. మధ్యలో వాగు దాటే చప్టా మునుగుతుంది. అవతల కోయ కుటుంబాలుండే గూడెం, ఒక బడి, ఒక ఆరోగ్య ఉపకేంద్రం, మోటరు బిగించిన ఒక బోరు, నీళ్ల ట్యాంకు. భద్రాచలం దగ్గర గోదావరి ఎంతవరకు వచ్చిందో టీవీలో చెబుతూనే ఉంటారు. మా వాగు ఎంత వచ్చిందో ఎవరూ చెప్పరు. గూడెంవాళ్లకు చెప్పక్కర్లేదు, వాళ్లకు కనపడుతుంది.

నా భార్య ఆ ఉపకేంద్రంలో నర్సు. గూడెం ఆమెను సిస్టరమ్మ అనేది. నేను డిపార్టుమెంటు మనిషినని, నా చేతిలో ఒక స్టోరు ఉందని అక్కడ ఎవరికీ పట్టలేదు. నన్ను సిస్టరమ్మ మొగుడు అనేవాళ్లు. మా లైన్‌మన్ ఆ గూడెం కుర్రాడే. ఆఫీసులో నన్ను సార్ అంటాడు. వాగు దాటగానే అతని నోటి నుంచి కూడా సిస్టరమ్మ మొగుడే వచ్చేది. నాలుక కరుచుకునేవాడు. నాకేమీ తప్పుగా అనిపించలేదు.

చాలా ఏళ్ల కింద ఒక వానాకాలం, గూడెం ట్రాన్స్‌ఫార్మర్ పిడుగుకు కాలిపోయింది. నా స్టోరులో మూడు మంచివి ఉన్నాయి. మధ్యలో వాగు ఉంది. వాగు తగ్గేదాకా మేం ఏమీ చేయలేకపోయాం. బోరు మోటరు ఆగిపోయింది. జనం వాగు నీళ్లు తాగారు. వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. నా భార్య అవతలే చిక్కుకుపోయింది. ఉపకేంద్రంలో ఉన్న ఓఆర్‌ఎస్ పొట్లాలు అయిపోయాక కాచిన నీళ్లలో ఉప్పూ చక్కెరా కలిపి ఇచ్చిందట. ఒక పాప చనిపోయింది. నీళ్లు తగ్గాక ఆమె ఇంటికి వచ్చి, స్నానం చేసి, అన్నం ముందు కూర్చుని నన్ను ఒకటే అడిగింది.

"మీ స్టోర్ల ఎన్నుండె అప్పుడు?"

మూడు అన్నాను.

"ఒకటి మా దిక్కు ఉంటే ఏమైతుండె?"

స్టోరుకు ఏ నష్టమూ అయ్యేది కాదు. అదే నా జవాబు. ఆమె అన్నం తిని పడుకుంది. తర్వాతి ఎండాకాలం, ఇసుక మీద ట్రాక్టరు నడిచే రోజుల్లో, పదిహేను కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి అవతలికి పంపాను. దొంగతనంగా కాదు. అప్పటి ఇంజనీరు ఒప్పుకున్నారు, కాగితం మీద గూడెం పేరు రాసి ఉంది.

అక్కడ దాన్ని ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. బడిలో పెడితే పిల్లలు ఎక్కి ఆడతారు. ఉపకేంద్రంలో చోటు లేదు. ఊరిపెద్ద తల్లి ఒక అవ్వ, తన ఇంటి వెనక గదిలో పెట్టుకోనిచ్చింది. అది విత్తనాల గది. వెదురుబుట్టలకు పేడా మట్టీ మెత్తి, మూతులు కప్పి, అటక మీద వరసగా పెట్టి ఉంటాయి. ఆ గూడెంలో ఒక పద్ధతి ఉంది. విత్తనాల బుట్టను ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చేయరు. కొత్త పంటలోంచి ఏరిన గింజలు బుట్టలో పడ్డాకే అడుగున మిగిలిన పాత గింజలు తీస్తారు. ఇంట్లో తిండిగింజలు అయిపోయినా ఆ బుట్ట మీద చెయ్యి పడదు. అవ్వ ట్రాన్స్‌ఫార్మర్‌ను ఆ గదిలో రెండు దుంగల మీద పెట్టించి, టార్పాలిన్ కప్పించింది. ఇక మీదట దానికీ అదే పద్ధతి అంది. ఆమె చెప్పింది కోయ భాషలో. లైన్‌మన్ నాకు తెలుగులో చెప్పాడు.

ఆ తర్వాత రెండుసార్లు గూడెం ట్రాన్స్‌ఫార్మర్ వానల్లోనే పోయింది. రెండుసార్లూ లైన్‌మన్, ఊరివాళ్లు కలిసి అదే రోజు గదిలోంచి మోసుకుపోయి ఎక్కించారు. వేసవి రాగానే నేను ఇంకోటి పంపించేవాణ్ని. ఎవరూ దాని గురించి మాట్లాడుకోలేదు. పద్ధతి కుదిరితే మాట్లాడుకునేదేమీ ఉండదు. ఇటీవల స్తంభం మీదిది పోలేదు. గదిలోది కదల్లేదు. అందుకే తెర మీద ఎర్రబడింది.

నా భార్య నిరుడు చలికాలంలో పోయింది. రొమ్ములో గడ్డ. హైదరాబాదు, ఖమ్మం తిరిగాం. చివరికి ఇంటికే వస్తానంది. చర్చివాళ్లు సమాధి మీద ఒక వాక్యం చెక్కిద్దామని, ఎంచుకోమని నాలుగు తెచ్చి ఇచ్చారు. పేరు, రెండు తేదీలు చాలన్నాను. పాస్టరుగారు కాస్త నొచ్చుకున్నారు. నేను పుస్తకాలు చదివే మనిషిని. ఆ రోజుల్లో దుఃఖం గురించి ఎవరెవరో రాసినవి చాలా చదివాను. చాలామంది దాన్ని అందంగా చేయాలని చూశారు. పుస్తకం మూసేసి స్టోరుకు పోయేవాణ్ని. తీగ చుట్ట బరువు బరువే. దాన్ని గురించి ఎవరూ బాగా రాయక్కర్లేదు.

జూన్ లోపల వాగు అవతలి సరుకు లెక్క సున్నా కావాలని డి.ఇ. గారు పైవాళ్లకు చెప్పి ఉన్నారు. ఆయన మంచివాడే. నాకంటే బాగా చిన్నవాడు, పని తెలిసినవాడు, ఎవరినీ తిట్టడు. స్టాకు తగ్గించమని ఆయన్ను తొందరపెట్టేవాళ్లు ఆయనపైన ఉన్నారు. ట్రాన్స్‌ఫార్మర్ల సరఫరాకు కొత్త కంపెనీతో ఒప్పందం కుదిరిందని, ఇక ఎక్కడా ఊరికే సరుకు పెట్టుకునే పని లేదని ఆయన వాదన. కొనుగోలు, రేటు అన్నీ పైనే తేలిపోయాయి. ఏ స్టోరుకు ఎక్కడ దించాలన్నది మాత్రం ఖమ్మంలో మాట్లాడుకోమన్నారు. మమ్మల్నందరినీ పిలిచారు.

ఆ సమావేశానికి ముందు వారం నేను భద్రాచలం వెళ్లాను. అక్కడ నేను ఎప్పుడూ పోయే ఎలక్ట్రికల్ దుకాణం ఒకటుంది. కరకట్టకు దగ్గర. వానలకు ముందే దుకాణదారు ఫ్యాన్లూ మోటర్లూ పైఅంతస్తుకు ఎక్కిస్తాడు, టార్చిలైట్లూ బ్యాటరీలూ కింద ఉంచుతాడు. నేను వెళ్లేసరికి ఒక డీలరు మనిషి రేట్ల కాగితం విప్పుతున్నాడు. దుకాణదారు దాన్ని మడిచి వెనక్కి ఇచ్చేశాడు.

"రేటు తర్వాత మాట్లాడుదాం. సరుకు ఎన్నడు దించుతవ్, ఎక్కడ దించుతవ్, గా సంగతి చెప్పు ముందు" అన్నాడు. "పోయినేడు వరదలల్ల నీ సరుకు కొత్తగూడెంల ఉండె, గిరాకీ నా గల్లా కాడ ఉండె."

డీలరు మనిషి నవ్వి, వానలకు ముందే దించుతానన్నాడు. అప్పుడు రేటు మాట్లాడుకున్నారు. నేను స్విచ్చులు కొనుక్కుని బస్సెక్కాను. బస్సులో అదే ఆలోచించాను. బేరం రేటు దగ్గర మొదలవుతుందని మా ఆఫీసులో అందరం అనుకుంటాం. అతనికి బేరం దించే చోట మొదలవుతుంది.

ఖమ్మం సమావేశంలో సప్లయరు తరఫున వచ్చిన మనిషి చక్కగా మాట్లాడాడు. సత్తుపల్లి దగ్గరి ఊరట. తెర మీద బాణం గుర్తులతో మ్యాపు చూపించాడు. మేం ఫోన్ చేస్తే చాలు, రెండు రోజుల్లో ట్రాన్స్‌ఫార్మర్ మా దగ్గర ఉంటుందన్నాడు. అందరూ తలూపారు. టీ వచ్చింది.

"మా దగ్గర అంటే ఎక్కడ?" అని అడిగాను.

"ఇక్కడేనండి, ఖమ్మం స్టోరు గేటు దగ్గర."

"ఖమ్మం గేటు దగ్గర ఎవరూ చీకట్లో లేరు. వాగు అవతల దించితేనే దించినట్టని రాయండి. ఆలస్యానికి బిల్లులో కోత పెడితే అక్కడినుంచే లెక్కపెట్టండి."

అతను నవ్వాడు. వరదలో లారీ ఎలా వస్తుందండీ అన్నాడు. నేనడిగేదీ అదేనన్నాను. డి.ఇ. గారు కలుగజేసుకుని, ప్రకృతి వైపరీత్యాలకు ప్రతి ఒప్పందంలోనూ మినహాయింపు ఉంటుందని, అది మామూలేనని చెప్పారు.

"ఏటేటా వచ్చేదాన్ని వైపరీత్యం అనరు సార్" అన్నాను. "వానాకాలం అంటారు."

ఎవరో చిన్నగా నవ్వారు. డి.ఇ. గారు నవ్వలేదు. సరుకు దించే చోట్ల పట్టిక మీద ప్రతి స్టోర్‌కీపరూ సంతకం పెట్టాలి. నా వంతు వచ్చినప్పుడు గూడెం పేరు లేదని చెప్పి పట్టికను పక్కవాడికి జరిపాను. అన్ని సంతకాలూ పడితేగాని ఫైలు కదలదు. ఫైలు కదిలితేగాని సప్లయరుకు మొదటి ఆర్డరు రాదు.

బయటికి వచ్చాక డి.ఇ. గారు నన్ను వరండాలో ఆపారు. గొంతు తగ్గించి మాట్లాడారు. నా బాధ తనకు తెలుసని, ఆమె గుర్తుగా ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ను అక్కడ ఉంచుకున్నానని సెక్షన్‌లో అందరూ అంటున్నారని చెప్పారు.

"కానీ స్టోరు అంటే గుర్తులు దాచుకునే చోటు కాదు కదండీ" అన్నారు.

చెడ్డ మాటేమీ కాదు. దయగా అన్నారు. ఆ దయే నాకు సహించరానిదయింది. ఆమె బతికి ఉంటే నా మాట లెక్కలోకి వచ్చేది. ఆమె పోయింది కాబట్టి అదే మాట ఇప్పుడు ఏడుపుగా వినపడుతోంది. చనిపోయిన మనిషి ఒకరుంటే చాలు, నువ్వు ఏం చెప్పినా దాన్ని ఆ మనిషి మీదికి తోసేసి, ఓదార్చి, పంపించేయవచ్చు.

"గుర్తు కావాలంటే ఇంట్లో ఆమె గొడుగుంది సార్" అన్నాను. "దానికి ఆయిల్ చూసుకునే పని లేదు."

ఆ రోజు నుంచి ఆమె పేరు ఈ విషయంలో ఎత్తకూడదని నిర్ణయించుకున్నాను. సమావేశంలో ఆమె గురించి మాట్లాడలేదు, ఇకపైనా మాట్లాడను. నీళ్లు, మోటరు, వాగు, లారీ ఇవే మాట్లాడతాను. ఒప్పుకుంటే వాటి కోసం ఒప్పుకోవాలి. నా మీద జాలితో ఒప్పుకున్న సరుకు ఒక ఏడాది వస్తుంది. లెక్క కుదిరి ఒప్పుకున్నది నేను రిటైరయ్యాక కూడా వస్తుంది.

మే చివర్లో డి.ఇ. గారు నన్ను అడగడం మానేసి, పక్క సెక్షన్ స్టోర్‌కీపరుతో గేట్ పాస్ రాయించి లారీ పంపారు. అది ఆయన అధికారం. అడ్డుకునే హక్కు నాకు లేదు. అవతలికి వెళ్లే హక్కు మాత్రం ఉంది. లైన్‌మన్ బండి మీద వెనక కూర్చుని నేనూ బయలుదేరాను. సప్లయరు మనిషి కూడా ఆ రోజే కారులో వచ్చాడు. ఒక్క సంతకం కోసం అతని ఫైలు ఆగిపోయి ఉంది. ఒకసారి వచ్చి చూడండి, చూసి నేను చెప్పింది తప్పంటే సంతకం పెడతానని నేనే ఫోన్‌లో అన్నాను.

వాగు దగ్గర కారు దిగి అతను ఇసుకను చూశాడు. అవతలి ఒడ్డు నుంచి ఒక ముసలాయన సైకిలు నెట్టుకుంటూ వస్తున్నాడు.

"ఈ వాగేనాండీ?" అన్నాడు. నవ్వు దాచుకోలేదు.

చప్టా దాటి ఒడ్డు ఎక్కాం. అక్కడ మా కరెంటు స్తంభం ఒకటుంది. అందరూ పైకి చూడరు. అతను ఆ పనిలో ఉన్నవాడు కాబట్టి చూశాడు. స్తంభం పైన, అడ్డకమ్మీకి కాస్త కింద, ఎండిపోయిన గడ్డీ, కొమ్మలూ, ఒక చీరపేలికా చుట్టుకుని ఉన్నాయి.

"అంత పైన గడ్డి ఎవరు కట్టారండీ?"

"వాగు కట్టిందన్నా" అన్నాడు లైన్‌మన్.

అతను కాసేపు స్తంభాన్నీ వాగునూ మార్చి మార్చి చూశాడు. తర్వాత కారులో కూర్చోలేదు, మాతో నడిచి వచ్చాడు.

అవ్వ ఇంటి ముందు లారీ ఆగి ఉంది. డ్రైవరు, ఇద్దరు కూలీలు కొత్తగూడెం నుంచి వచ్చారు. ట్రాన్స్‌ఫార్మర్‌ను ముగ్గురు ఎత్తలేరు. ఎప్పుడు దించినా, ఎక్కించినా ఊరివాళ్లు వచ్చి పట్టేవాళ్లు. ఆ రోజు ఊరంతా ఇంటి ముందే ఉంది, చుట్టూ వేపచెట్ల నీడలో కూర్చుని. ఎవరూ అడ్డం రాలేదు. ఎవరూ లేవలేదు. ఒకాయన బీడీ కాలుస్తున్నాడు. ఆడవాళ్లు తునికాకు కట్టలు కడుతున్నారు. వాళ్లనలా కూర్చోమని నేను చెప్పలేదు. నేను చెప్పానని తర్వాత నా మీద రాశారు.

డ్రైవరు నన్ను చూసి, జర చెప్పండి సార్ అన్నాడు. నేను లారీ తెప్పించలేదని, తెప్పించినవాళ్లను అడగమని చెప్పాను. అతను అవ్వ దగ్గరికి పోయి, ఆఫీసు సరుకు తీసుకుపోతున్నాం, మనుషుల్ని రమ్మను అన్నాడు. అవ్వ గడప మీద కూర్చుని ఉంది. లేవలేదు.

"ఉత్త లారీ తెచ్చినవ్ బిడ్డా" అంది. "కొత్తది తెచ్చి లోపట పెట్టుర్రి. గప్పుడు పాతది తీస్కపోర్రి. నేనేమన్న వద్దంటున్ననా?"

డ్రైవరు, వెనకనుంచి కొత్తది వస్తుందని, కంపెనీ మారిందని, ఫోన్ చేస్తే చాలని ఏదో చెప్పాడు. తాను విన్నది చెప్పాడు పాపం.

"ఎన్నడొస్తది?"

"కాలిపోయినంక ఫోన్ చేస్తే వస్తది అవ్వా."

అవ్వ లైన్‌మన్ వైపు తిరిగి కోయలో ఏదో అంది. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. సప్లయరు మనిషి ఏమందని అడిగాడు. లైన్‌మన్ చెప్పాలా వద్దా అన్నట్టు నా వైపు చూసి చెప్పాడు.

"నాట్లేసే రోజు ఫోన్ చేస్తే విత్తనాలు కూడ తెస్తరా, అడుగుమంటుంది."

అతనికి కోపం రాలేదు. గదిలోకి వెళ్లి చూస్తానన్నాడు. అవ్వ చెప్పులు విప్పి పొమ్మంది. టార్పాలిన్ ఎత్తి ట్రాన్స్‌ఫార్మర్ చూశాడు, అటక మీది బుట్టలు చూశాడు, ఆ బుట్టల సంగతి లైన్‌మన్‌ను అడిగి తెలుసుకున్నాడు. బయటికి వచ్చి నాతో పక్కకు నడిచాడు. అసలు బేరం అక్కడ జరిగింది, అవ్వ ఇంటి వెనక, ఎండలో.

నేను చెప్పింది ఇది. మీ సరుకే తెచ్చి ఇక్కడ పెట్టండి. మేం స్తంభం ఎక్కించేదాకా అది మీది. ఎక్కించిన రోజు మేం కొన్నట్టు. మా లెక్కలో ఏమీ ఉండదు, డి.ఇ. గారి సున్నా ఆయనకు వస్తుంది. గూడెం పేరు పట్టికలో రాస్తే నా సంతకం మీకు వస్తుంది.

తమ సరుకు ఈ అడవిలో ఊరికే ఎందుకు పెట్టాలండీ అన్నాడు. సరైన ప్రశ్నే. వానల్లో ఫోన్ వస్తే మీరు రాలేరు, గూడెం పేరు పట్టికలో ఉన్నాక రాకపోతే కోత పడుతుంది, కోత ఏటా పడుతుంది, ఇక్కడ పెడితే ఒక్కసారి పెట్టి మరిచిపోవచ్చన్నాను. అతను నేల వైపు చూస్తూ లెక్క వేసుకున్నాడు. వానల తర్వాత పంపిస్తానన్నాడు.

"వానల తర్వాత నాకూ అక్కర్లేదు" అన్నాను.

పాతదాన్ని ఇవాళ లారీ ఎక్కించనిస్తే మృగశిర లోపల కొత్తది పంపే పూచీ తనదన్నాడు. మంచి మనిషి, మాట తప్పడని కూడా అనిపించింది. అయినా ఒప్పుకోలేదు. నమ్మకం అతని మీద. సరుకు మాత్రం అతని చేతిలో లేదు. ఎక్కడో ఫ్యాక్టరీలో ఉంది, మధ్యలో గోదాము ఉంది, లారీ ఉంది, వాగు ఉంది. కొత్తది ఆ గదిలో దుంగల మీద కూర్చున్న తర్వాతే పాతది లేస్తుందని చెప్పాను. అతను అవ్వ ఇంటి వైపు చూసి తల పంకించాడు.

"మీరూ వాళ్లలో కలిసిపోయారండీ" అన్నాడు.

అవునన్నాను.

లారీ ఖాళీగా వెళ్లిపోయింది. మరుసటి వారం నాకు మెమో వచ్చింది. ఉత్తర్వు ధిక్కరించినందుకు, గ్రామస్థులను పురిగొల్పినందుకు సంజాయిషీ అడిగారు. మొదటిది నిజమని, రెండోది అబద్ధమని రాశాను. ఇంకో వాక్యం రాయబోయి ఆగిపోయాను. ఆ వాక్యంలో ఆమె వస్తుంది.

సప్లయరు లెక్కలో కొత్తది పెట్టించడానికి మాత్రం డి.ఇ. గారు అడ్డు చెప్పలేదు, అలా అయినా ఆయన లెక్క సున్నా అవుతుంది. మృగశిర కార్తె వచ్చింది. మొదటి వాన పడ్డది. కొత్తది రాలేదు. సప్లయరు మనిషి రోజూ ఫోన్ ఎత్తేవాడు, రోజూ రేపనేవాడు. స్టోరులో పనేమీ లేకపోయినా కంచె దగ్గర నిలబడి రోడ్డు వైపు చూసేవాణ్ని. డి.ఇ. గారు ఒకసారి స్టోరుకు వచ్చి, మీ సప్లయరు ఏమంటున్నాడని అడిగారు. వస్తాడన్నాను. రాకపోతే అన్నారు. రాకపోతే పాతది అక్కడే ఉంటుంది కదా సార్ అన్నాను. ఆయన జీపెక్కారు.

వాగులో మోకాలి లోతు నీళ్లు పారుతున్న రోజు లారీ వచ్చింది. లారీ దాటలేదు. ఒడ్డునే ట్రాక్టరు ట్రాలీలోకి మార్చాం. ఈసారి ఊరివాళ్లు అడగకుండానే వచ్చి పట్టారు. సప్లయరు మనిషి ప్యాంటు మడిచి, చెప్పులు చేతబట్టి ట్రాలీ వెనక నడిచాడు. మధ్యలో నీళ్ల తోపుకు తూలితే లైన్‌మన్ భుజం పట్టుకున్నాడు.

"ఈ వాగేనాన్నా?" అన్నాడు లైన్‌మన్. అతను నవ్వాడు.

కొత్తదాన్ని దుంగల మీద పెట్టడానికి గదిలో చోటు చాలలేదు. అయినా అవ్వ పాతది ముందు తియ్యనివ్వలేదు. కింద ఉన్న రెండు బుట్టలు జరిపించి ఇంకో రెండు దుంగలు తెప్పించింది. కాసేపు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. అప్పుడు పాతదాన్ని చూపించి, ఇగ తీస్కపోర్రి అంది.

నా భార్య అడిగిన తర్వాత పంపిన మొదటిది కాదది. ఆ మొదటిది ఎప్పుడో స్తంభమెక్కి, కాలి, తుక్కుకు పోయింది. ఇది మూడోది. డి.ఇ. గారికి ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. చెబితే గుర్తు అన్న వాదన ఒక్క మాటతో పోయేది. కానీ అలా గెలవాలంటే ముందు ఆమెను మధ్యకు తేవాలి.

పాతది ట్రాలీ ఎక్కుతుంటే బయట కేకలు వినపడ్డాయి. నేను వెళ్లలేదు. కొత్తదాని ఆయిల్ గాజులో మట్టం చూస్తున్నాను. తీగలు బిగించే పింగాణీ బుషింగులు తుడిచాను. మూత బోల్టులు బిగించి చూశాను. ఒకటి వదులుగా ఉంది. బయటికి వచ్చేసరికి ట్రాక్టరు వాగు దాటేసింది.

"సిస్టరమ్మ మొగుడా, తిని పో" అంది అవ్వ. జొన్నగటక, చింతచిగురు పప్పు పెట్టింది. సప్లయరు మనిషి రెండుసార్లు వడ్డించుకున్నాడు. అక్కడే నేను పట్టిక మీద సంతకం పెట్టాను. గూడెం పేరు టైపు చేసి ఉంది. అక్షరదోషం లేకుండా ఉందో లేదో చూసి పెట్టాను.

ఈ ఏడాది వానల్లో ట్రాన్స్‌ఫార్మర్ అవసరం పడలేదు. వాగు వచ్చింది, చప్టా మునిగింది, గూడెం రోజుల తరబడి అవతలే ఉండిపోయింది. కరెంటు పోలేదు. మోటరు నడిచింది. దసరా ముందు డి.ఇ. గారు కలిసినప్పుడు ఈ సంగతి గుర్తు చేశారు. ఇంత గొడవ చేశారు, చివరికి వాడనే లేదు కదా అన్నారు. వాడకపోవడమే మంచిదన్నాను. ఆయన, మెమో ఇంకా నా సర్వీసు ఫైలులో ఉందని, ఒక్క లైను క్షమాపణ రాసిస్తే తీయించేస్తానని చెప్పారు. వచ్చే ఏడాది రిటైర్మెంటు, మచ్చ ఎందుకండీ అన్నారు. నిజంగానే నా మేలు కోరి అన్నారు.

స్టోరుకు వచ్చి కాగితం తీసుకున్నాను. క్షమాపణ రాయలేదు. వాగుకు ఎగువన ఇంకో గూడెం ఉంది. దానిదీ ఇదే వాగు, ఇదే వాన. వచ్చే వేసవిలో సప్లయరు లెక్కలోనే అక్కడా ఒకటి పెట్టించాలని, దించే చోటు గూడెమేనని సరుకు కోరుతూ ఇండెంట్ రాసి, సంతకం పెట్టి, డి.ఇ. గారికి పంపాను.